మూడు రంధ్రాల కడ్డీ

సోమవారం ఉదయం పదింటికి జైనూర్ ఘాట్ మూడో మలుపులో ఏజెంట్ బెంజమిన్ జీపు లోయలోకి దొర్లింది. అతను అక్కడికక్కడే చనిపోయాడు. మధ్యాహ్నానికల్లా రిపోర్ట్ సిద్ధం: తాగి నడిపాడు.

కరీంనగర్‌లో పాత మెకానిక్ షెడ్డు. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ సేఫ్‌హౌస్ అదే. ఏజెంట్ తిమోతి షట్టర్ తట్టాడు.

“ఏం గావాలె?”

“జొన్నరొట్టె. ఎర్రకారం తోని.”

కోడ్ సరిపోయింది. షట్టర్ లేచింది. తిమోతి రిపోర్ట్‌ను చీఫ్ జైపాల్‌రావు టేబుల్ మీదకు విసిరికొట్టాడు.

“తాగిండట సార్! బెంజమిన్ అన్న బోథ్ చర్చి పెద్ద. చాయ్ తప్ప ఇంకోటి ముట్టలే. ‘నువ్వు గూడ నమ్ముతున్నవా’ అని అన్న భార్య లిడియా వదినె అడిగింది. ఏం చెప్పాలె?”

షెడ్డు మూలనున్న బెంజమిన్ జీపు శిథిలం కింద నుంచి మెకానిక్ హనుమండ్లు బయటికొచ్చాడు.

“తాగలే సారూ, చంపిండ్రు. గీ కడ్డీ చూడుండ్రి. స్వే బార్. ముంగటొకటి, ఎన్కొకటి ఉంటది. ఎడమ చక్రాన్ని, కుడి చక్రాన్ని కలుపుతది. మూలమలుపుల బండి ఒరగకుంట ఆపుతది. చివర మూడు రంధ్రాలుంటయి. లోపలి రంధ్రానికి చక్రంతోని కలిపే లింకు బిగిస్తే కడ్డీ గట్టిపడుతది. ఎన్క గట్లనే బిగిచ్చిండ్రు, ముంగట లింకే పీకేసిండ్రు. సీదా రోడ్డుమీద ఏం తెల్వదు. మలుపుల ఎన్క చక్రాలు పట్టు ఇడుస్తయి, తోక తిరుగుతది.”

“ఆర్బిట్ పని,” అన్నాడు చీఫ్. రెండేళ్లుగా వెంటాడుతున్న విదేశీ ముఠా అది. “గురువారం రాడార్ సైంటిస్ట్ సరళాదేవి సీక్రెట్ కోడ్‌తో ఆదిలాబాద్ నుంచి జైనూర్ రాడార్ స్టేషన్‌కు పోతది. డ్రైవర్ నువ్వే. ఎస్కార్ట్ రుచిత. ఆర్బిట్‌లో దూరి మనకు కబుర్లందించే మనిషి.”

గురువారం. తిమోతిది డ్రైవర్ వేషం: ఖాకీ చొక్కా, పెట్టుడు మీసం, భుజాన తువ్వాల. బయల్దేరేముందు తిమోతి బండి కింద దూరి ప్రతి బోల్టూ చూశాడు. అంతా సవ్యం. వెనక నల్లకారులో రుచిత. నల్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్, ఖరీదైన సెంటు.

ఉట్నూర్‌లో సరళాదేవి చాయ్ అడిగింది. తిమోతి కాపలాగా వెంట వెళ్లాడు.

“బండి నేను చూసుకుంటా,” అంది రుచిత.

ఘాట్ మొదటి మలుపు. స్టీరింగ్ తిప్పగానే వెనకభాగం లోయవైపు జారింది. కాలు బ్రేక్ మీదికి పోబోయింది. తొక్కితే చావే. స్టీరింగ్ ఎదురు తిప్పి యాక్సిలరేటర్ కదలకుండా పట్టాడు. అంచుకు జానెడు దూరంలో బండి దారికొచ్చింది.

“ఏమైంది తమ్మీ?” సరళాదేవి అరిచింది.

తిమోతి పళ్లు కొరికాడు. ఉట్నూర్‌లో పావుగంట బండి రుచిత చేతిలోనే ఉంది. సోమవారం బెంజమిన్‌ను సాగనంపింది కూడా రుచితే. అద్దంలో నల్లకారు. ఆగితే తుపాకి, ఉరికితే లోయ.

చొక్కా గుండీలోని మైక్‌లో, ఘాట్ పైన కాపుకాస్తున్న జైపాల్‌రావుతో అన్నాడు: “సార్, ద్రోహి రుచితనే. మూడో మలుపు దాటంగనే రోడ్డు బంద్ చెయ్యిండ్రి.”

రెండో మలుపు నెమ్మదిగా దాటి, దూరంగా వస్తున్న నల్లకారు మలుపు చాటున కనుమరుగు కాగానే ఆపాడు. జేబులోంచి అరచేతంత ఎలక్ట్రిక్ రెంచ్ తీసి బండి కింద దూరాడు. ముందు లింకు పీకేసి ఉంది, బిగించే టైం లేదు. వెనకది కూడా విప్పేస్తే బండి ఊగుతుంది, కానీ వెనక చక్రాలు నేలను వదలవు. ఎడమ బోల్టు ఊడింది. కుడిది మొండికేసింది. కింద ఇంజన్ మోత దగ్గరైంది. “రా, నీ...” అని తిట్టాడు. ఊడింది.

నల్లకారు మలుపు తిరిగేసరికి బండి కదిలింది. మూడో మలుపు. బండి పడవలా ఒరిగింది. సరళాదేవి కిటికీకి కొట్టుకుంది. వెనక చక్రాలు మాత్రం నేలను కరిచిపట్టాయి. దాటేశారు!

బండి ఎందుకు పడలేదో తెలియక రుచిత వేగం పెంచింది. మలుపు తిరిగితే ఎదురుగా అడ్డంగా జీపులు, ఆరు రైఫిళ్లు, జైపాల్‌రావు, పక్కన బండి దిగిన తిమోతి.

ఆమె నల్లద్దాలు తీసింది. “ఒక్క బోల్ట్, తిమోతి. రక్తం లేదు, సాక్ష్యం లేదు. ప్రొఫెషనల్‌గా ఆలోచించు.”

తిమోతి పిడికిలి లేచింది. దిగింది.

“గీ మాట లిడియా వదినె ముంగట చెప్పు. నడువ్!”

సరళాదేవి తూలుతూ దిగి రాయి మీద కూలబడింది. ముఖం పాలిపోయింది. కోడ్ ఉన్న బ్యాగు మాత్రం గుండెకు హత్తుకునే ఉంది.

“ఇగ ఫికర్ లేదు మేడమ్. పోదామా?”

ఆమె ఇంకా మెల్లగా ఊగుతున్న బండిని చూసింది, అతన్ని చూసింది.

“స్టేషన్ ఇంకెంత దూరం తమ్మీ?”

“నాలుగు కిలోమీటర్లు.”

“అయితే నడుస్త.”