ఖాళీ బండికి వీడ్కోలు

న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ పక్కనున్న టకానిని నుంచి మోటార్‌వే ఎక్కి అరగంట డ్రైవ్ చేస్తే ఒక పాత అమ్యూజ్‌మెంట్ పార్క్ వస్తుంది. అక్కడ ఘోస్ట్ ట్రైన్ నడిపేది మన రామమోహన్. తణుకు నుంచి చదువుకని వచ్చి, నాలుగేళ్లు ఇక్కడ డెయిరీ అనే చిల్లర కొట్టు కౌంటర్లో పాలూ బ్రెడ్డూ అమ్మి, చివరికి దెయ్యాల రైలు దగ్గర సెటిల్ అయ్యాడు. వింటే నవ్వొస్తుంది గానీ, బుద్ధిగా చేసుకునేవాడికి మంచి ఉద్యోగమే.

ఆ రైలుకి అరవై ఏళ్లు దాటాయి. రైలంటే రైలు కాదు. ఇద్దరు పట్టే చిన్న చిన్న బళ్లు. ఒక్కోటీ తలుపులు గుద్దుకుంటూ చీకట్లోకి పోయి, మూడున్నర నిమిషాలకి అవతలి తలుపులోంచి బయటపడుతుంది. లోపల ప్లైవుడ్ అస్థిపంజరాలు, రంగు వెలిసిన మంత్రగత్తె, మొహానికి తగిలే దారాలు. ఈ కాలం పిల్లలు వాటిని చూసి పకపకా నవ్వుతారు. అయినా లైను మాత్రం తగ్గదు, అదీ చిత్రం! తాతలు తాము ఎక్కిన బండే ఇదని మనవల్ని తెచ్చి మరీ ఎక్కిస్తారు. ఎందుకలా అని రామమోహన్ ఒకసారి పాత ఆపరేటర్ బ్రూస్‌ని అడిగాడు. రిటైరయ్యే ముందు ఆ పెద్దాయన చెప్పిందేమిటంటే, బొమ్మలకి ఎవరూ భయపడరు, చీకట్లో పక్కవాళ్ల చెయ్యి పట్టుకోవడానికే వస్తారు, పక్కన ఒకరుండాలి, అంతే.

రోజూ గేట్లు తెరవకముందు ఒక బండిని ఖాళీగా తిప్పి చూడాలి. అది రూలు. బ్రూస్ దాని వీపు మీద ఒక్కటి చరిచి, పో అనేవాడు. మనవాడికి ఆ మాట నోట రాదాయె. గడప దాటేవాళ్లని పొమ్మనడం మన ఇళ్లలో ఎక్కడుంది? అందుకని ఏడాదిగా ప్రతి పొద్దుటా ఆ ఖాళీ బండికి "వెళ్లి రా అమ్మా" అని చెప్పి పంపుతున్నాడు.

మొన్న జూలైలో, ఇక్కడి చలికాలంలో, స్కూలు సెలవుల వారం, అతనికి అనుమానం మొదలైంది. ఒళ్లోకి దిగే ఇనుప బార్‌ని పూర్తిగా కిందికి నొక్కి పంపుతాడా, తిరిగొచ్చేసరికి అది పళ్లచక్రం మీద రెండు పళ్లు పైకి ఉంటోంది. దాని కింద ఎవరో కూర్చున్నట్టు. అంత చలిలోనూ సీటు ఒక పక్క గోరువెచ్చగా తగులుతోంది.

ఇంకెవరు, శశాంకే అనుకున్నాడు. పక్కన బంపర్ కార్లు నడిపే హైదరాబాద్ మనిషి. ఎవరినో ఒకరిని ఆటపట్టించందే తిన్నది అరగదు. సైడు తలుపులోంచి దూరి మధ్యలో ఎక్కుతున్నాడేమో! అడిగితే, నీ దయ్యానికి నాకన్నా మంచి జోడీ దొరకలేదా అన్నా అని పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుతో అనుమానం ఇంకా గట్టిపడింది.

శనివారం రామమోహన్ కూతురు సిరి పుట్టినరోజు. ఎత్తు కొలిచే గీతని ఈ ఏడే అందుకుంది. ఘోస్ట్ ట్రైన్ ఒక్కతే ఎక్కుతానని నెల నుంచి ఒకటే పోరు. పిల్ల ఎక్కే బండితో వేళాకోళమా అని, ఆ పొద్దున రామమోహన్ ఇంట్లోంచి బియ్యప్పిండి తెచ్చాడు. సీటంతా, కాళ్లు పెట్టే చోటంతా పల్చగా చల్లాడు. బార్ దించాడు. వెళ్లి రా అన్నాడు.

బండి లోపలికి పోయింది. తడి చెక్క వాసన, గ్రీజు వాసన గుప్పున కొట్టాయి. చక్రాల కీచు... ఒక మలుపు... రెండో మలుపు...

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు.

"పిండేందన్నా, దోసెలేస్తవా?"

శశాంక్. నోటినిండా మీట్ పై కుక్కుకుని నములుతున్నాడు.

రామమోహన్ గిర్రున తిరిగి చూశాడు. శశాంక్ ఇక్కడున్నాడు. బండి ఇంకా లోపలే ఉంది.

అవతలి తలుపు తెరుచుకుంది. కింద పిండి చెదరలేదు. సీటు మీద మాత్రం ఎడమ సగం నున్నగా తుడిచేసి ఉంది. కుడి సగం చల్లింది చల్లినట్టే ఉంది. ఎవరో ఒద్దికగా ఓ పక్కకి కూర్చుని, ఇంకొకరికి చోటు వదిలినట్టు...

పది కొట్టగానే సిరి పరుగెత్తుకొచ్చింది, వెనకే వాళ్లమ్మ కీర్తన. రైలు పాడైందని రామమోహన్ అబద్ధమాడాడు. సిరి పెదవి వణికింది. పాడైతే బోర్డు ఏదండీ, పుట్టినరోజు పూట పిల్లని ఏడిపించాలా అని కీర్తన నిలదీసింది. పిండి సంగతి చెబితే ఎవరు నమ్ముతారు? అప్పుడతనికి తోచింది ఒక్కటే. ఇద్దరు కూర్చుంటే ఇంక చోటే ఉండదు.

స్విచ్చులు శశాంక్‌కి అప్పగించి, సీటు తుడిచి, ఎడమ పక్కన తానే కూర్చున్నాడు. సిరి భుజం చుట్టూ చెయ్యి వేసి, మధ్యలో వేలు కూడా దూరనంత దగ్గరగా లాక్కున్నాడు.

శశాంక్ బండిని చరిచి, వెళ్లి రండి అన్నాడు.

చీకటి. మొహానికి దారాలు. సిరి కిలకిలా నవ్వింది. మూడో మలుపులో ఆ నవ్వు ఆగిపోయింది. బార్ టక్‌మంది. ఒక పన్ను పైకి. రామమోహన్ కళ్లు మూసుకున్నాడు. పళ్లు బిగించాడు. మళ్లీ... టక్...

వెలుతురు.

కళ్లు తెరిస్తే తను ఎడమ అంచున వేలాడుతున్నాడు, రెయిలింగు పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. సిరి కుడి అంచున ఉంది. మధ్యలో జానెడున్నర ఖాళీ.

"అంత దూరం ఎందుకు జరిగావమ్మా?" గుసగుసగా అడిగాడు.

సిరి వింతగా చూసి, ఇంగ్లీషులో చెప్పింది. "నువ్వే కదా డాడీ జరగమన్నావ్. తెలుగులో."

లోపల అతను నోరే విప్పలేదు.

రైలుకి నిజంగానే బోర్డు తగిలించి, సగం రోజు సెలవు పెట్టి, సిరి చెయ్యి పట్టుకుని కార్ పార్కు దారి పట్టాడు. పిల్ల చెయ్యి వెచ్చగా, గట్టిగా ఉంది. ఆ ఒక్కటీ చాలనుకున్నాడు.

ముందు కీర్తన నడుస్తోంది. దారిలో కేకు తీసుకోవాలనీ, రోటోటూనా ఊరి నుంచి చుట్టాలు బయల్దేరారనీ వెనక్కి చూడకుండా చెప్పుకుపోతోంది. ఒక చేతిలో బ్యాగు. రెండో చెయ్యి కిందికి వేలాడుతోంది, అందులో ఏదో చిన్న చెయ్యి ఉన్నట్టు వేళ్లు సగం ముడుచుకుని.

రోడ్డు దగ్గర ఆమె ఆగింది. మాట ఆపకుండానే ఆ చేతిని తన వైపు దగ్గరగా లాక్కుంది. అటూ ఇటూ చూసింది.

వస్తున్న కారు వెళ్లిపోయాక, అడుగులు బాగా చిన్నవి చేసుకుని, నెమ్మదిగా రోడ్డు దాటింది.