ఈడే అంటే ఎంత దూరం

కల్పన మదనపల్లెలో ఒక ప్రైవేటు అంబులెన్సు ఆఫీసులో ఫోన్లు ఎత్తేది. అక్కడ గోడ మీది తెరలో ఒక వింత మ్యాపు ఉండేది. అందులో కిలోమీటర్లకు విలువ లేదు, బండి చేరడానికి పట్టే సమయమే దూరం. రోడ్డు ఖాళీగా ఉంటే పుంగనూరు పక్కింటికొచ్చి కూర్చునేది. వాన పడితే కుప్పం అలిగిన అల్లుడిలా మూలకు జరిగేది.

ఆ సాయంత్రం ఒకటే వాన. కుప్పం అవతలి తోటలోంచి కుప్పుస్వామి అనే రైతు ఫోన్ చేశాడు.

“దాయాదులు నరికినారమ్మా... కొడవలి మెడలోనే ఉండాది. పక్క తోటాయన ట్రాక్టర్లో తీసకపోతానంటాండాడు. పొయ్యేదా?”

కుప్పం బండ్లన్నీ వేరే కేసుల మీద ఉన్నాయి. కల్పన తమ్ముడు మురళి అంబులెన్సుతో ఇప్పుడే ఇక్కడి నుంచి బయలుదేరాడు. కానీ మన వైపు దారిలో ఉన్నవాడు నిజం చెబితే కదా! ఇంట్లో చెప్పులు వేసుకుంటూనే ఊరి పొలిమేరలో ఉన్నామంటాం. ఆమె నోటా అదే వచ్చింది.

“వద్దప్పా. మా బండి ఈడే ఉండాది. వచ్చేదాకా కొడవలి పీకొద్దు.”

అతన్ని ఎక్కించుకోకుండానే ట్రాక్టరు వెళ్ళిపోయింది. అతను మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే జవాబు. మూడోసారి గొంతులో నెత్తురు గుడగుడలాడింది.

“ఈడే అంటే... యాడమ్మా?”

“ఈడేనప్పా...”

“అట్లయితే నేనే వస్తాను. ఈడే గదా.”

ఫోన్ తెగింది. తెర మీద కుప్పం కదిలింది.

వాన తగ్గలేదు. అయినా కుప్పం పలమనేరును దాటింది... పుంగనూరును తాకింది. మురళి బండి ఉన్నది అక్కడే. ఒక్కగానొక్క తమ్ముడు. కల్పనకు పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే వాడికి ఫోన్ కలిపింది.

“రేయ్ మురళీ, బండి తిప్పు! ఎవురికీ ఆపొద్దు!”

“ఎవురో అడ్డం నిలబడుండాడక్కా... తల పక్కకు వాలిపోయుండాది...”

అతని వెనక ఇంకో గొంతు మెల్లగా అడిగింది.

“బండి వచ్చినాది గదా. ఇంక పీకొచ్చునా?”

అద్దం భళ్ళుమంది. మురళి అరిచాడు. కొడవలి దిగింది. మళ్ళీ దిగింది. ఎముక విరిగిన చప్పుడు ఆమె చెవిలోనే వినిపించింది. తర్వాత వాన చప్పుడొక్కటే...

“మురళీ... యాడుండావురా?”

చాలాసేపటికి, నెత్తురు గుడగుడల మధ్య తమ్ముడి గొంతు.

“ఈడే అక్కా.”

తెర మీద కుప్పానికీ మదనపల్లెకూ మధ్య చోటే లేదు. కల్పన తలుపు వైపు చూసింది. లోపలి గడియ పెట్టే ఉంది. గడియకు ఇవతల, గచ్చు మీద, రెండు జతల తడి అడుగులు ఆమె కుర్చీ దాకా వచ్చి ఆగి ఉన్నాయి.