మిద్దె మీద నిలబెట్టిన నీళ్ళు

"ఈ కుండీలన్నీ దింపేయాల మేడమ్," అన్నాడు మిద్దె రిపేరుకు వచ్చిన వంశీ. అతను ఆ మిద్దె ఎక్కి ఇంకా ఊపిరి కూడా పీల్చుకోలేదు.

"ఎందుకు?" అంది కిరణ్మయి.

"ఇల్లు కారేది వీటి కిందే."

"వీటికి నీళ్ళు పోసేది నేను. ఇల్లు కారేటట్లు పోయను."

"ఆ సంగతి గులాబీ వేర్లకు తెలియదు కదా."

కుండీలు దిగాయి. వాటి కింద నిజంగానే నెర్రెలు ఉన్నాయి. ఓడిపోయిన కోపంతో కిరణ్మయి అతని కాఫీలో చక్కెర వేయలేదు. అతను తాగి, చాలా బాగుందన్నాడు. అంటుంటే చెవులు ఎర్రబడ్డాయి. ఈ మనిషికి అబద్ధం చెప్పడం చేతకాదని ఆమె గుర్తుపెట్టుకుంది.

కిరణ్మయి బెంగళూరు యలహంకలో ఒక చిన్న స్కూల్లో టీచరు. ఆమె తండ్రి శ్రీనివాసప్ప రిటైరయ్యే దాకా ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. తయారైన ప్రతి సామానునూ పరీక్షించి, బాగుంటే సుద్దముక్కతో రైటు, లేకుంటే ఇంటూ పెట్టడం ఆయన పని. ఉద్యోగం అయిపోయింది గానీ సుద్దముక్క జేబులోనే ఉండిపోయింది. గ్యాస్ సిలిండరు మీద రైటు ఉండేది. గుమ్మడికాయ మీద రైటు ఉండేది. కూతుర్ని చూడ్డానికి వచ్చిన ఒక సంబంధం వాళ్ళు మెట్లు దిగకముందే గడప పక్కన ఇంటూ పడింది.

సొంత ఇంటికి మాత్రం ఏటా ఇంటూనే. వానకు ముందు సిమెంటు పూత పూయించడం, వాన వచ్చాక హాల్లో బిందె పెట్టడం అలవాటైపోయింది.

"పూతలతో అయ్యేది కాదు సార్," అన్నాడు వంశీ. "నెర్రెలు తెరిచి నింపాల. నీళ్ళు నిలవకుండా పైపు వైపుకు వాలు కట్టాల. ఆ తర్వాత ప్రతి వానాకాలం ముందూ పైపు నోట్లో ఆకులు తీసేస్తే చాలు. ఇరవై ఏళ్ళు నన్ను పిలిచే పని ఉండదు."

"ఇరవై ఏళ్ళా?" అంది కిరణ్మయి.

"గ్యారంటీ మేడమ్."

అప్పుడామెకు ఆ మాట నచ్చింది. పని ముగిసే నాటికి నచ్చడం మానేసింది. ఎందుకంటే ఈలోపల వంశీ చిక్కపేట బజారుకు పోయి ఇనుప స్టాండ్లు తెచ్చి, కుండీలు నేలకు తగలకుండా వాటి మీద పెట్టాడు. బిల్లులో రాయలేదు. అడిగితే, "గులాబీలు ఏం తప్పు చేసినాయి?" అన్నాడు.

చివరిది పరీక్ష. పైపు మూసి, మిద్దె చుట్టూ చిన్న గట్టు కట్టి, పాదం మునిగేదాకా నీళ్ళు నిలబెట్టారు. లోకమంతా రెండు మూడు రోజులు చూస్తుంది. శ్రీనివాసప్ప వారం అన్నాడు.

ఆ వారం ప్రతి సాయంత్రం వంశీ వచ్చేవాడు. ఇద్దరూ హాల్లో నిలబడి, తలలెత్తి స్లాబును చూసేవాళ్ళు.

"ఆ మూల ఏమైనా కనిపిస్తా ఉందా?"

"లేదు. మీకు?"

"నాకూ లేదు," అంది కిరణ్మయి. "మీకు బిసిబేళె బాత్ ఇష్టమా?"

"ఇష్టమే. ఆ దూలం పక్కన చూడండి."

"చూస్తానే ఉండాను."

ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వాళ్ళు చాలా సంగతులు మాట్లాడుకున్నారు. మెడలు మాత్రం నొప్పి పుట్టాయి.

ఆఖరి రోజు ఆదివారం. శ్రీనివాసప్ప స్కేలు తీసుకుని నీళ్ళ లోతు కొలవడానికి పైకి పోయాడు. ఇంకాసేపట్లో అంతా రైటు అవుతుంది, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు. కిరణ్మయి స్టూలెక్కి, చెంబెడు నీళ్ళు స్లాబు మూలకు చల్లింది. దిగి, చెంబు కడిగి బోర్లించింది.

వంశీ వచ్చాడు. శ్రీనివాసప్ప దిగి వచ్చాడు. ముగ్గురూ తలలెత్తారు.

"తడి ఉండాది," అన్నాడు శ్రీనివాసప్ప. జేబులోంచి సుద్దముక్క తీశాడు. "మాటంటే మాటేనప్పా. రెండో సంగతి కూడా క్యాన్సిల్."

"రెండో సంగతి ఏంది నాన్నా?"

"నిన్ను చేసుకుంటానని మొన్న అడిగినాడు. స్లాబు పరీక్షకు నిలబడితే నీ ఇష్టం అడుగుతానంటి. నిలబడలే."

వంశీ తడిని చూశాడు. పక్కనే గోడ గడియారం అద్దం మీదున్న నీటిచుక్కల్ని చూశాడు. కింద స్టూలును చూశాడు. "తప్పు నాదే సార్," అన్నాడు. "మళ్ళీ చేసిస్తాను." అతని చెవులు ఎర్రబడ్డాయి.

"కాదు నాన్నా," అంది కిరణ్మయి. "నేను చల్లినాను."

"దేంతో?"

"చెంబుతో."

"ఎందుకు?"

"పాసయితే ఇరవై ఏళ్ళు ఈయన రానన్నాడు."

శ్రీనివాసప్ప స్టూలెక్కి తడిని వేలితో రుద్ది చూశాడు. దాని పక్కన, పొడిగా ఉన్న చోట, పెద్ద రైటు పెట్టాడు. దిగి, సుద్దముక్కను కూతురి చేతిలో పెట్టాడు.

"స్లాబు నా ఇన్‌స్పెక్షన్. ఈయప్పది నీది. బాగా చూసి పెట్టు," అని మళ్ళీ మిద్దెక్కాడు, పైపు తెరిచి నీళ్ళు వదలడానికి.

బల్ల మీద వంశీ హెల్మెట్ ఉంది. కిరణ్మయి దాని మీద రైటు పెట్టింది. చిన్నదే, కానీ గట్టిగా అదిమి పెట్టింది.

వంశీ ఇంకా తలెత్తి స్లాబునే చూస్తున్నాడు.

"పరీక్ష అయిపోయింది," అంది కిరణ్మయి. "ఇంక కిందికి చూడొచ్చు."