బంతిలోంచి లేపిన మనిషి

శనివారం పొద్దున ఏడింటికల్లా యేసమ్మ ఇంటి ముందు షామియానా లేచింది. జర్మనీలో నర్సుగా పనిచేస్తున్న ఆమె కూతురు ప్రిస్కిల్లాకు అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి వచ్చింది. అందుకని మధ్యాహ్నం ఇంట్లో కృతజ్ఞత కూడిక. పాస్టరయ్య ప్రార్థన, ఆ తర్వాత అందరికీ భోజనం. సంఘంలో స్త్రీల సమాజానికి యేసమ్మ అధ్యక్షురాలు. బోధన్‌లో ఆమె పిలిస్తే రానివాళ్లు లేరు.

వంటింట్లో అల్లం గీరుతున్న ప్రిస్కిల్లా తల ఎత్తకుండానే అంది. "అవ్వా, మంగళారం నేను పోను."

"యాడికి?"

"జర్మనీకి. మళ్ల పోను."

యేసమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "బగారకు బియ్యం నానవెట్టినంక చెప్తున్నవా? వాడకట్టంత పిల్సుకున్న. ఏం తక్కువైందే నీకక్కడ?"

"ఏం తక్కువైందో చెప్త, ఇను."

"ఏం చెప్పకు! పాస్టరయ్య వచ్చి పోయేదాంక నోరు తెరువకు. పట్టుచీర కట్టుకో, పో."

ఇంటికొచ్చిన మూడు వారాల్లో ప్రిస్కిల్లా ఈ మాట ఎత్తబోవడం నాలుగోసారి. ఎత్తినప్పుడల్లా యేసమ్మ మంచు ఫొటోలు చూపించమనేది, లేదంటే వచ్చిన చుట్టాలకు టీ పెట్టమనేది. గడపలో నిలబడ్డ తండ్రి పోశయ్య కూతురి ముఖం చూసి, "జర చెప్పనీయరాదే" అన్నాడు.

"నువ్వు ఊకో," అని కసిరింది యేసమ్మ.

మధ్యాహ్నానికి షామియానా నిండింది. పరదేశంలో ఈ బిడ్డకు గౌరవం దక్కినందుకు పాస్టరయ్య దేవునికి గంటసేపు వందనాలు చెప్పాడు. యేసమ్మ ఆనందంతో కొంగు తడుపుకుంది. ప్రిస్కిల్లా వంచిన తల ఎత్తలేదు.

తర్వాత బంతి వేశారు. చివరి విస్తరి ముందు వర్ష వచ్చి కూర్చుంది, ఒళ్లో నాలుగేళ్ల కూతురితో. ఏటా చెరుకు కొట్టడానికి నాందేడ్ వైపు నుంచి వచ్చి, వీధి చివర ఖాళీ జాగాలో గుడిసెలు వేసుకునేవాళ్లలో వర్ష ఒకతి. రోజూ యేసమ్మ ఇంటి ముందు నల్లా దగ్గర బిందె నింపుకుంటుంది. మొన్న కొడవలి తగిలి చెయ్యి తెగితే ప్రిస్కిల్లా కట్టు కట్టి, భోజనానికి రమ్మంది. పాపం, కూతురి తలకు నూనె రాసి, ఉన్నంతలో మంచి గౌను వేసి తీసుకొచ్చింది.

పక్కనే కూర్చున్న భీమవ్వ విస్తరి ఇవతలకు లాక్కుంది. యేసమ్మకు ఆడబిడ్డ ఆమె, మాట కటువు. "ఏందే యేసమ్మా, గుడిసెలోళ్లను గూడ పిలిసినవా? తెచ్చి నా పక్కకే కూసోవెట్టినవ్."

అందరూ ఇటే చూశారు. యేసమ్మకు ముఖం మీద కొట్టినట్టయింది. గబగబా వెళ్లి వర్ష ముందు నిలబడింది. "ఏ పిల్లా, లే. ఎనుక కూసో, ఆడ పెడ్త."

వర్ష వెంటనే లేచింది. పిల్లను చంకనేసుకుని, విస్తరి పట్టుకుని, ఇంటి వెనక బోళ్లు తోమే బండ దగ్గరికి వెళ్లింది. అంత తొందరగా లేచిందంటే ఆమెకిది మొదటిసారి కాదు.

దాల్చా వడ్డిస్తున్న ప్రిస్కిల్లా బకెట్ కింద పెట్టేసింది. తనకో విస్తరి తీసుకుని, అందరూ చూస్తుండగా ఇంటి వెనక్కి నడిచి, ఆ తడి బండ పక్కన వర్షతో పాటు కూర్చుంది.

యేసమ్మ వెనకే వెళ్లి, కూతురి రెక్క పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకొచ్చింది. "పట్టుచీర కట్టుకొని బోళ్లకాడ కూసుంటవా? నా ఇజ్జత్ తియ్యనీకె వచ్చినవా?"

"కూసుంట. నాకు అలవాటే."

"ఏం అలవాటే?"

"మూడేండ్ల సంది మెట్లమీద తింటున్న అవ్వా!" అంది ప్రిస్కిల్లా. "మా ముసలోళ్ల ఆశ్రమంల అందరు కూసోని తినే అర్ర ఉన్నది. నేను డబ్బా తెరవంగనే ఒకామె కిటికీలు తెరిసింది. ఇంకొకామె లేసి పోయింది. మూడో దినం నవ్వుకుంటనే చెప్పిండ్రు, నువ్వు బయట తింటె మంచిగుంటదని. వాళ్ల భాష నేర్సుకున్న, పరీక్షలు పాసైన, వాళ్ల అవ్వలకు స్నానాలు పోసిన. ఒక ముసలామె ఇప్పటికీ నేను చెయ్యి వడ్తె గుంజుకుంటది. అందరు గట్ల లేరు. ఒకామె రెండుసార్లు లోపటికి రమ్మన్నది. నాకే కాళ్లు రాలే."

"అంత వాసనొచ్చేది ఏం తీస్కపోయినవే?"

"నువ్వు పంపిన ఎల్లిపాయ కారం."

ఎవరు ఆ దేశం వెళ్తున్నా యేసమ్మ బతిమాలి, రోట్లో దంచి, మూడు కవర్లలో చుట్టి పంపిన కారం అది.

"వాళ్లు నవ్వుకుంట బయటికి పొమ్మన్నరు. నువ్వు గదమాయించి లేపినవ్. గంతే ఫరక్," అంది ప్రిస్కిల్లా.

గడపలోంచి పోశయ్య నెమ్మదిగా అన్నాడు. "వర్ని ఊర్ల పటేలింట్ల పెండ్లినాడు మీ అవ్వకు, నీకు యాడ పెట్టిండ్రో యాదికున్నదా యేసమ్మా?"

ఎందుకు లేదు? కొట్టం దగ్గర, పేడ పక్కన. అప్పుడామెకు తొమ్మిదేళ్లు. పందిట్లో తినేవాళ్లు కూతురికి కనిపించకూడదని తల్లి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ సంగతి యేసమ్మ పెళ్లయిన కొత్తలో మొగుడికొక్కడికే చెప్పుకుని ఏడ్చింది.

ఇప్పుడామెకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా మంట పుట్టింది. ఆ పటేలు మీద, కిటికీలు తెరిచిన ఆ మనిషి మీద, ఆడబిడ్డ మీద, అందరికన్నా ఎక్కువగా తన మీద. విసురుగా వెనక్కి వెళ్లింది. వర్ష పిల్లకు తినిపిస్తోంది, తనింకా ముట్టలేదు.

"లే బిడ్డా."

వర్ష బెదిరిపోయి లేచింది. "నకో మావ్శీ, జాతే," అని మరాఠీలో వద్దు, వెళ్తానంటూ పిల్లను ఎత్తుకుని వెళ్లబోయింది.

"యాడికి పోతవ్? ముందటికి రా." కట్టు లేని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, యేసమ్మ ఆమెను బంతిలో భీమవ్వ పక్కనే కూర్చోబెట్టింది.

"అయితె నేను లేస్త మరి," అంది భీమవ్వ.

"లేస్తె లెవ్వు వదినె. నీ జాగల నా బిడ్డ కూసుంటది."

భీమవ్వ విసవిసా లేచిపోయింది. ఆమె వెంట మరో ఇద్దరు లేచారు. పాస్టరయ్య మాత్రం ఎముకలోంచి మూలుగ తీసే పనిలో పడ్డాడు. యేసమ్మ ఎవర్నీ ఆపలేదు. కూతుర్ని పిలిచి ఆ ఖాళీలో కూర్చోబెట్టి, తన చేత్తో వడ్డించింది.

"మంగళారం పోతవో ఉంటవో నీ ఇష్టం. నేనొక్క మాట అన," అంది. "గానీ యాడున్నా సరే, మెట్లమీద తినకు బిడ్డా."