వినపడని కీచు

పాడేరు ఘాట్ దిగుతున్న కారు తనంతట తానే మలుపులు తిరుగుతోంది. లోపల చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. స్కూలు టీచరు హైమ జవాబు పత్రాలు దిద్దుకుంటోంది. వెనక సీట్లో ఆమె కూతురు, ఆరేళ్ల ఈశ, లోయలోకి చూస్తోంది. హైమ పక్కన ఆమె మామగారు సన్యాసినాయుడు చెప్పులు విప్పి కూర్చున్నాడు. నలభై ఏళ్లు గ్యారేజీలో బ్రేకులు బాగుచేసిన మనిషి.

"అమ్మాయ్, బండి ఆపు," అన్నాడాయన హఠాత్తుగా.

"ఏం మామయ్యా, కడుపులో తిప్పుతోందా?"

"బ్రేకు పడినప్పుడల్లా అరికాళ్లు జిల్లుమంటున్నాయి. ముందు ఎడమ చక్రం. ఇనుముకి ఇనుము రాసుకుంటోంది."

"మరి కీచుమనాలి కదా?"

"అంటూనే ఉండుంటుంది. నీ శబ్దహారి విననివ్వదు."

శబ్దహారి వచ్చి ముప్పై ఏళ్లయింది. కీచైనా కేకైనా, కర్కశమైన ప్రతి ధ్వనికీ ఎదురు తరంగం పుట్టించి, చెవిని చేరేలోగా దాన్ని చంపేస్తుంది. మొదట కార్లలో పెట్టారు, తర్వాత ఇళ్లలో, బడుల్లో. హైమ ఆ నిశ్శబ్దంలోనే పెరిగింది.

ఎదుటి తెర మీద 'బ్రేకులు సురక్షితం' అని పచ్చగా వెలుగుతోంది. ఆమె అది చూపించింది.

"అది బ్రేకు నూనె ఒత్తిడి చూసి చెప్పే మాట. నా మాట విని ఒక్కసారి శబ్దహారి ఆపు."

హైమ మీట నొక్కింది.

కారంతా ఒక్కసారిగా కేక పెట్టింది. ఎవరో కత్తితో రేకును చీరుతున్నట్టు ఆ శబ్దం పళ్లలోకి దిగింది. కాగితాలు ఆమె చేతుల్లోంచి జారిపోయాయి. మలుపు దగ్గరికొచ్చేస్తోంది, కారు వేగం తగ్గడం లేదు. మాడు వాసన.

"కరెంటు కారు కదా, మోటారే వేగం తగ్గించదా మామయ్యా?"

"అప్పుడు పుట్టే కరెంటుకి బ్యాటరీలో చోటుండాలి, నిండుగా ఉంటే మోటారు పట్టదు. పైన నింపుకునే కదా బయల్దేరాం! భారమంతా బ్రేకుల మీదే. స్టీరింగు నువ్వు తీసుకో. కొండవైపు తిప్పు, రోడ్డు పక్క కాలవలోకి దింపెయ్!"

ఆమె కళ్లు మూసుకోబోయి, మూసుకోకుండా తిప్పింది. చక్రం కాలవలో పడింది. కారు పక్కభాగం రాళ్లను గీసుకుంటూ వెళ్లి, ఒరిగి ఆగింది.

 

తర్వాత ఆయన చక్రం ఊడదీశాడు. బ్రేకు ప్యాడు పూర్తిగా అరిగి, వెనకున్న ఇనుప రేకు మాత్రమే మిగిలింది. ఆ రేకు డిస్కు మీద వేలు పట్టేంత గాడి చేసింది.

"ఈ నాలుక చూశావా?" ప్యాడు అంచున ఉన్న చిన్న ఇనుప ముక్క చూపించాడు. "ప్యాడు అరగగానే ఇది డిస్కుకి తగిలి కీచుమనాలి. అరవడానికే పెట్టారు దీన్ని. నెలరోజులుగా అరుస్తూనే ఉండుంటుంది పాపం. ఇప్పుడు ప్యాడు ఒక్కటే మారిస్తే చాలదు, డిస్కూ మార్చాలి."

పాడేరు మెకానిక్కుకి ఫోన్ చేసి, హైమ వెనక తలుపు తెరిచింది. ఈశ బెల్టును రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయి ఉంది. చెంపలు తడిసిపోయాయి. పెదాలు గట్టిగా మూసుకునే ఉన్నాయి.

"భయమేసిందా తల్లీ? గట్టిగా ఏడవచ్చుగా!"

పిల్ల ఆశ్చర్యంగా చూసింది.

"ఏడిస్తే నీకు వినపడదు కదమ్మా. ఎప్పుడో మానేశాను."