పంక్తి చివర ఊపిరి

ఓనో పాలు పితికి వచ్చి, బూట్లు గడప బయటే విడిచి టీకి కూర్చున్నాడు. భార్య హైల్కె కప్పులో కలకండ వేసి, టీ పోసి, పైన మీగడ వదిలింది. అంతలో కూతురు టోమ్కె ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చింది. ఆ మొహం చూశాక అడగక్కర్లేకపోయింది.

"నన్ను తీసుకోలేదు. పక్కూరి రిటైరైన టీచరు ఆదివారాలు వచ్చి వాయిస్తాడట."

టోమ్కె ఆరేళ్ళు చర్చి సంగీతం చదివింది. ఆర్గన్ మీద చేతులూ కాళ్ళూ ఒకేసారి ఆడించడం, గాయకుల్ని నడపడం, అన్నిట్లోనూ పరీక్షలు నెగ్గింది. ఉద్యోగానికి వాయించి చూపడం ఇది నాలుగోసారి. ఈసారి సొంత ఊరి చర్చిలో.

"చర్చి సంఘపెద్దల్లో నువ్వూ ఒకడివే కదయ్యా! దూలాలు లెక్కపెడుతూ కూర్చున్నావా?" అంది హైల్కె.

"కన్నవాళ్ళు ఓటెయ్యకూడదు. బయటికి పంపారు. పంపేముందు ఒకటడిగారు. చెబితే మీ అమ్మాయి వాయించేటప్పుడు నెమ్మదిస్తుందా అని." అన్నాడు ఓనో.

"నువ్వేమన్నావు నాన్నా?"

"నెమ్మదించదు అన్నాను."

హైల్కె కెటిల్ ఠక్కున పెట్టింది. "ఏడాదికోసారి నోరు తెరిచేది ఇందుకా మహానుభావా!"

ఆ ఊళ్ళో కీర్తన పాడుతూ ప్రతి పంక్తి చివరా ఆగుతారు. ముసలివాళ్ళు ఊపిరి తీసుకోవాలి. పాత ఆర్గనిస్టు నలభై ఏళ్ళు వాళ్ళకోసం ఆగాడు. మొన్న ఆదివారం ఉద్యోగం కోసం వాయించి చూపినప్పుడు టోమ్కె ఆగలేదు. మూడో చరణానికి వెనకబడ్డవాళ్ళు ఒక్కొక్కరే పుస్తకాలు మూసేశారు. పైన బాల్కనీలో ఆర్గన్ వైపు తిరిగి కూర్చున్న ఆమెకి అది కనబడలేదు. కింద వాళ్ళ మధ్యనున్న ఓనోకి కనబడింది.

"అవునంటే నీ సొమ్మేం పోయేది?" అంది టోమ్కె. "అయినా అలా ఆగడం తప్పు నాన్నా. మాకు నేర్పింది..."

మాట అక్కడే తెగింది. తండ్రి సంఘపెద్దలకిచ్చిన జవాబే తన నోట్లోంచి వస్తోందని తెలిసింది. కుర్చీలో కూలబడి ఏడ్చింది.

"ఇంకెక్కడైనా చూడవే," అంది హైల్కె మెల్లగా.

"ఎక్కడమ్మా? ఉన్న ఉద్యోగాలే తీసేస్తున్నారు."

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, "మొన్నటి ఆ కీర్తన పాడు నాన్నా," అంది.

ఓనో సిగ్గుపడుతూనే ఎత్తుకున్నాడు. ఆమె వేళ్ళు బల్ల మీద కదిలాయి. మొదటి పంక్తి చివర అతనికి ఊపిరి అయిపోయింది. ఆమె వేళ్ళెత్తి ఆగింది. అతను తీరుబడిగా గాలి పీల్చుకున్నాడు.

"ఇంతసేపా?"

"చర్చికొచ్చే ముసలి గ్రీట్యెకైతే ఇంకాసేపు."

టోమ్కె తలూపింది. గ్రీట్యె కోసం ఆగే పని ఇప్పుడు ఇంకొకరిది.