జర చెయ్యి పెట్టు

2011లో, తెలంగాణ బంద్ నడుస్తున్న ఒక మధ్యాహ్నం. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు. షాపు షట్టర్ జానెడు ఎత్తు మిగిల్చి కిందికి లాగి, లోపల ట్యూబ్‌లైట్ వేసుకుని కూర్చున్నాను. యాంప్లిఫయర్లు బాగుచేసేవాడికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. హారన్లుండవు, "అయిందా అన్న?" అని తల దూర్చేవాళ్లుండరు. అశోక్‌నగర్ వైపు నుంచి అప్పుడప్పుడు హాస్టల్ పిల్లల నినాదాలు మాత్రం వినిపిస్తున్నాయి.

బల్ల మీద ఉన్నది మా ఉస్తాద్ లక్ష్మయ్య తన కోసం తయారుచేసుకున్న యాంప్లిఫయర్. ఆయన ఈ షాపులోనే, ఈ బల్ల ముందే ప్రాణం వదిలి ఏడాదవుతోంది. ముందు రోజు ఆయన భార్య అనసూయమ్మ దోమలగూడ నుంచి ఆటోలో దాన్ని తెచ్చి, నిద్రపోయే పిల్లను పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టింది.

"ఎల్లుండి ఆయన సంవత్సరీకం, జగదీశ్. ఒక్క పాటన్న ఇందులకెల్లి ఇనబడాలె. జర పైలం బిడ్డ. ఆ రెండు పెద్ద ట్రాన్సిస్టర్లు మాడితే మల్ల దొరకయని ఆయననే చెప్పేటోడు."

నిజమే. అలాంటివి ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు.

ఈ పనిలో కిటుకంతా ఒక్కటే. పాట లేనప్పుడు కూడా ఆ రెండింటిలో కొద్దిగా కరెంటు పారుతూ ఉండాలి. బయాస్ అంటాం. తక్కువైతే పాట గరగరలాడుతుంది. ఎక్కువైతే అవి వేడెక్కుతాయి, వేడికి ఇంకా కరెంటు లాగుతాయి, ఆఖరికి మాడిపోతాయి. అందుకే అవి బిగించిన అల్యూమినియం దిమ్మకే ఇంకో బుల్లి ట్రాన్సిస్టర్‌ను కాపలా పెడతాం. అది వెచ్చబడితే కరెంటు తగ్గిస్తుంది, చల్లబడితే పెంచుతుంది. కాపలా సరిగ్గా ఉందో లేదో చూడాలంటే దాని మీద వేలు పెట్టాలి. ఒంటి వెచ్చదనానికి, ఆ కరెంటు చూపే మీటరు ముల్లు దిగాలి.

ఉస్తాద్ వేళ్లు టంకం వేడికి కాయలు కాసి మొద్దుబారాయి. అందుకని రోజుకు పదిసార్లు నన్నే పిలిచేవాడు. "జగ్గూ, జర చెయ్యి పెట్టు."

ఆ ఆఖరి రోజు కూడా అదే మాట అన్నాడు. నేను అటు తిరిగి చాయ్ తాగుతున్నాను. బద్ధకం. లేవకుండానే "పెట్టిన ఉస్తాద్, గోరువెచ్చగనే ఉంది" అని అబద్ధమాడాను. చాయ్ అయ్యాక తిరిగి చూస్తే, ఆయన ఛాతీ పట్టుకుని బల్ల మీదికి ఒరిగి ఉన్నాడు. చెయ్యి పెట్టమన్నది యాంప్లిఫయర్ మీద కాదు. ఈ సంగతి అనసూయమ్మకు చెప్పే ధైర్యం ఏడాదిగా నాకు రాలేదు.

స్విచ్ వేశాను. ముల్లు ఇరవై దగ్గర నిలిచింది. వేలు పెట్టాను, పద్దెనిమిదికి దిగింది. తీశాను, మళ్లీ ఇరవై. ఉస్తాద్ చేతి పనా మజాకా! మురిసిపోయి ఫ్లాస్కు మూత తిప్పాను.

ముల్లు కదిలింది.

ఇరవై నాలుగు. ముప్పై. దిగడం కాదు… ఎక్కుతోంది. ఫ్యాన్ ఆపాను. అయినా ఎక్కుతోంది. అంటే ఆ కాపలా ట్రాన్సిస్టర్‌ను ఏదో చల్లనిది తాకుతోంది… దాని చుట్టూ పూసిన తెల్ల పేస్టు నా కళ్లముందే మెల్లగా అణిగింది. ఎవరో బొటనవేలు ఆనించినట్టు.

నలభై. వేడెక్కిన దుమ్ము వాసన. స్విచ్ తీసేశాను. ఎర్ర బల్బు ఆరింది. ముల్లు ఆగలేదు. ప్లగ్గు పీకేశాను. అరవై…

ట్యూబ్‌లైట్ ఆరిపోయింది. షట్టర్ కింద జానెడు వెలుగు తప్ప అంతా చీకటి. బీడీ వాసన వచ్చింది. నేను బీడీ తాగను. నా చెవి పక్కనే గుసగుస.

"జగ్గూ… జర చెయ్యి పెట్టు."

కాళ్లు షట్టర్ వైపు లాగాయి. పారిపోతే ఆ రెండూ మాడిపోతాయి. రేపు ఆ తల్లి ముందు ఇంకో అబద్ధం ఆడాలి. ఏడుస్తూనే చెయ్యి చాచాను. ట్రాన్సిస్టర్ తగల్లేదు. వేళ్లు తగిలాయి. కాయలు కాసిన వేళ్లు.

"పెట్టినవా?"

"పెట్టిన… ఉస్తాద్."

"ఎట్లుంది?"

గోరువెచ్చగ అనబోయాను. నాలుక తిరగలేదు.

"సల్లగుంది ఉస్తాద్… శాన సల్లగుంది."

ఆ వేళ్లు నా వేళ్లను ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలాయి. లైటు వచ్చింది. ముల్లు సున్నా మీద ఉంది.

మర్నాడు యాంప్లిఫయర్ బ్రహ్మాండంగా పలికింది. పాట అయ్యాక అనసూయమ్మకు ఏడాదిగా దాచిన మాట చెప్పేశాను. ఆమె ఓదార్చడానికి నా చెయ్యి పట్టుకుంది. వెంటనే ఉలిక్కిపడి వదిలేసింది.

డాక్టరుకు చూపించాను. జ్వరం లేదు, నీరసం లేదు, అంతా మామూలే అన్నాడు. షాపు రోజూ తెరుస్తున్నాను, పనీ నడుస్తోంది. బయాస్ చూడాల్సి వస్తే మాత్రం పక్క షాపు కనకయ్యను పిలిచి చెయ్యి పెట్టమంటున్నాను. ఆయన వేలికి ముల్లు దిగుతుంది.

నేను పెడితే ఎక్కుతోంది.